మూడడుగులు, ఒక ఖాళీ: బెంగళూరు సల్సా ఫెస్టివల్‌లో నా మూడు రాత్రులు

 

ముందే ఒక మాట చెప్పేస్తా. నాకు డ్యాన్స్ రాదు. ఇది వినయం కాదు, స్టేటస్ రిపోర్ట్. పద్నాలుగు నెలల నుంచి సల్సా నేర్చుకుంటున్నాను. ఇప్పటికీ పాట స్పీడు పెరిగితే నా రెండు కాళ్లూ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. అయినా సరే, పోయిన శుక్రవారం బ్యాగు సర్దుకుని, అనంతపురంలో రైలెక్కి, బెంగళూరులో మూడు రోజుల సల్సా ఫెస్టివల్‌కి పోయొచ్చాను. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. గొంతు పోయింది, అది మీకు వినపడుతూనే ఉంటుంది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ఫెస్టివల్ పేరు చెప్పట్లేదు. ఇది రివ్యూ కాదు, ప్రమోషన్ అంతకన్నా కాదు. పాస్ నా డబ్బుతోనే కొన్నాను, 6,500 రూపాయలు. ఆ నంబర్ కొంచెం గుర్తుపెట్టుకోండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: నేను అనంతపురంలోనే బీటెక్ చేశాను. బెంగళూరులో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఐదు నెలల కిందట మానేసి ఇంటికొచ్చి ఈ వీడియోలు చేసుకుంటున్నాను. సల్సా ఎట్లా తగులుకుందంటే, మా ఆఫీసు పక్క బిల్డింగ్‌లో మూడో అంతస్తులో ఒక డ్యాన్స్ స్టూడియో ఉండేది. రోజూ రాత్రి ఏడింటికి క్యాబ్ కోసం నిలబడితే పైనుంచి ట్రంపెట్లు వినపడేవి. ఒకరోజు క్యాబ్ నలభై నిమిషాలు లేటు. పైకి పోయి చూశాను. అంతే.

ఇంటికొచ్చాక క్లాసులు లేవు. సాయంత్రం మిద్దె మీద ఒక్కడినే ప్రాక్టీస్. చెవిలో ఇయర్‌ఫోన్లు, గాల్లో చేతులు, ఎదురుగా ఎవరూ లేరు. చూసేవాళ్లకు పాట వినపడదు కదా. ఎదురింటి అత్త నాలుగు రోజులు చూసి, ఐదో రోజు మా అమ్మను అడిగిందంట, "పిల్లోనికి ఉద్యోగం పోయినప్పట్నుంచి ఒంట్లో బాగలేదా?" అని. నేనే మానేశాను అత్తా, పోలేదు. ఈ వీడియో ఆమె కూడా చూస్తుంది.

ఇంక మా అమ్మ. ఈ ఫెస్టివల్స్‌ని చాలాచోట్ల సల్సా కాంగ్రెస్ అంటారు. 1997లో ప్యూర్టోరికోలో ప్రపంచ సల్సా కాంగ్రెస్ జరిగింది, ఆ తర్వాత ఈ తరహా మేళాలు దేశదేశాలకు పాకాయి. అందుకని నేను కూడా స్టైల్‌గా "అమ్మా, శుక్రవారం సల్సా కాంగ్రెస్‌కి పోతాండా" అన్నాను. అమ్మ చేతిలో పని ఆపి, "మనకెందుకురా ఆ పార్టీలు, ఉన్నది చాల్లే" అంది.

అసలు సల్సా అంటే ఏంది? స్పానిష్‌లో సల్సా అంటే సాస్. మన భాషలో చెప్పాలంటే ఊరుబిండి అనుకోండి. టమాటా, మిరపకాయ, ఉల్లిగడ్డ, అన్నీ కలిపి నూరేది. ఈ సంగీతం కూడా అట్లా నూరిందే. క్యూబాలో చెరకు తోటల్లో పని చేయించడానికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన జనం వాళ్ల డప్పులు, వాళ్ల లయలు మర్చిపోలేదు. అదొకవైపు. స్పెయిన్ నుంచి వచ్చిన గిటార్, పాట ఇంకోవైపు. రెండూ కలిసి తూర్పు క్యూబాలో సోన్ అనే సంగీతం పుట్టింది. అది హవానాకు వచ్చింది, తర్వాత న్యూయార్క్ చేరింది. అక్కడ ప్యూర్టోరికో నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు దానికి జాజ్ కలిపారు, వీధి కలిపారు. 1964లో జానీ పచేకో అనే సంగీతకారుడు, జెర్రీ మసూచి అనే లాయరు కలిసి ఫానియా రికార్డ్స్ పెట్టారు. తొలిరోజుల్లో రికార్డులు కారు డిక్కీలో పెట్టుకుని తిరిగి అమ్మారంట. 1971 ఆగస్టు 26న న్యూయార్క్‌లో చీతా అనే క్లబ్బులో ఆ కంపెనీ కళాకారులంతా కలిసి వాయించారు. ఆ రాత్రిని సినిమాగా తీశారు కూడా. సల్సా అనే పేరు ప్రపంచానికి పట్టింది ఆ రోజుల్లోనే.

అంటే ఇది వలసపోయినోళ్ల సంగీతం. సొంతూళ్లో బతకలేకనో, బలవంతంగా తోలుకొస్తేనో, ఊరు వదిలినోళ్లది. అనంతపురంలో కూర్చుని ఈ మాట చెప్తున్నా కాబట్టి మీకు అర్థమవుతుంది. మన దగ్గర వాన పడకపోతే శెనక్కాయ పోతుంది, శెనక్కాయ పోతే జనం బెంగళూరు బస్సెక్కుతారు. మా నాయన కూడా ఎక్కాడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పంట పూర్తిగా పోయిన ఏడాది, ఎనిమిది నెలలు బెంగళూరులో బిల్డింగ్ పనికి పోయాడు. నేను 6,500 పెట్టి డ్యాన్స్ చేయడానికి పోయిన ఊరు అదే. పాస్ బుక్ చేసేటప్పుడు పేమెంట్ బటన్ మీద వేలు పెట్టి ఐదు నిమిషాలు కూర్చున్నాను. పోయినాక ఆ ఆలోచన పోతుందనుకున్నా. పోలేదు, కాకపోతే పాట మొదలైతే పక్కకు జరుగుతుంది.

సరే, ఇప్పుడు ఒక చిన్న పని. ఫోన్ కింద పెట్టి రెండు చేతులు ఖాళీ చేసుకోండి. సల్సాలో క్లావే అని ఒకటుంటుంది. వాయిద్యం పేరూ అదే, లయ పేరూ అదే. వాయిద్యమంటే ఏముంది, రెండు చెక్క కర్రలు. కోలాటం కోలల కన్నా పొట్టివి. ఆ లయ ఎట్లుంటుందంటే, "తకిట తకిట తక" అనండి. మూడు, మూడు, రెండు. ప్రతి ముక్క మొదట్లో ఒక చప్పట్టు. మూడు చప్పట్లు వచ్చాయా? తర్వాత "తకధిమి తకజుణు" అనండి. ఇందులో "ధి" మీద ఒక చప్పట్టు, రెండో "త" మీద ఒక చప్పట్టు. మొత్తం ఐదు. ఇదే మళ్లీ మళ్లీ. పాటలో వేరే ఎన్ని వాయిద్యాలున్నా, ఎవరూ ఈ ఐదు దెబ్బలకు అడ్డం పోరు. కొన్నిసార్లు క్లావే వాయించను కూడా వాయించరు, అందరి తలల్లో ఉంటుంది అంతే.

ఆ పదహారు మాత్రలు డ్యాన్సర్ లెక్కలో ఎనిమిది కౌంట్లు. ఒకటి రెండు మూడు, ఖాళీ. ఐదు ఆరు ఏడు, ఖాళీ. నాలుగు మీద, ఎనిమిది మీద అడుగు వేయరు. ఎంత తేలిక కదా? నాకు ఈ ఖాళీ పట్టుబడటానికే రెండు నెలలు పట్టింది. కాలు ఊరుకోదు. ఖాళీ కనిపిస్తే అందులో ఏదో ఒకటి వేసేయాలనిపిస్తుంది. మన పెళ్లి బరాత్‌లో ఖాళీ ఎక్కడుంటుంది చెప్పండి.

శుక్రవారం రైలు హిందూపురం దాటేటప్పుడు లేపాక్షి గుర్తొచ్చింది, అక్కడికి దగ్గరే కదా. విజయనగరం కాలం నాటి వీరభద్రస్వామి గుడి. ఆ గుడిలో నాట్యమండపం ఉంది. స్తంభాల మీద రంభ నాట్యం చేస్తుంటుంది, దేవతలు వాయిద్యాలు వాయిస్తుంటారు. అందులో ఒక స్తంభం మీద భృంగి ఉంటాడు, రంభకు నాట్యం నేర్పే గురువు. ఆయనకు మూడు కాళ్లు. చిన్నప్పుడు స్కూలు ట్రిప్పులో చూసి నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావట్లేదు. రెండు కాళ్లతో ఎనిమిది కౌంట్లు నడపలేక చచ్చిపోతున్నా, ఆయన మూడింటితో గురువయ్యాడు.

ఫెస్టివల్ ఒక పెద్ద హోటల్లో. పగలు వర్క్‌షాపులు, సాయంత్రం స్టేజి షోలు, రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా సోషల్. సోషల్ అంటే స్టెప్పులు ముందే అనుకుని చేసే డ్యాన్స్ కాదు. పాట ఏదొస్తుందో తెలియదు, ఎదుటి మనిషి ఎవరో తెలియదు. పాటకొక పార్ట్‌నర్. ఒకరు లీడ్, ఒకరు ఫాలో. లీడ్ చేసేవాళ్లు చేతితో చిన్న సైగ ఇస్తారు, ఫాలో అయ్యేవాళ్లు దాన్ని చదివి తిరుగుతారు. లీడ్ అంటే మగాళ్లే అనుకోకండి, అక్కడ లీడ్ చేసే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా. ఒక హాల్లో సల్సా, ఇంకో హాల్లో బచాటా. బచాటా డొమినికన్ రిపబ్లిక్‌ది, 2019లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. నాకు సల్సానే రాదు కాబట్టి ఆ హాల్లోకి మంచినీళ్ల కోసం తప్ప పోలేదు.

శనివారం పొద్దున వర్క్‌షాపు. బిగినర్స్‌కి పోవాలా, ఇంటర్మీడియెట్‌కి పోవాలా? పద్నాలుగు నెలల అనుభవం కదా, ఇంటర్మీడియెట్‌కే పోయాను. అక్కడ టీచర్ "ఆన్ టూ" అన్నాడు. దిశ మార్చే అడుగు ఒకటి మీద కాకుండా రెండు మీద వేయడం. న్యూయార్క్ స్టైల్, ఎడ్డీ టోరెస్ అనే డ్యాన్సర్ నేర్పి ప్రచారం చేసిన పద్ధతి. నేను నేర్చుకున్నది ఒకటి మీద. ఒక్క కౌంట్ తేడానే కదా అంటారేమో, రోడ్డు మీద ఎడమవైపు బండి తోలేవాడిని కుడివైపు తోలమన్నట్టుంది. పదిహేను నిమిషాల్లో మెల్లగా బయటికొచ్చి బిగినర్స్ రూమ్‌లో తేలాను. అక్కడ ముందే చేరిన ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, "మీరూ పైనుంచి వచ్చారా?" అని నవ్వాడు.

వర్క్‌షాపులో రొటేషన్ ఉంటుంది. అందరూ గుండ్రంగా నిలబడతారు. రెండు నిమిషాలకోసారి టీచర్ "రొటేట్" అంటాడు, లీడ్ చేసేవాళ్లు పక్కకు జరుగుతారు. గంటలో ఇరవై మంది చేతులు పట్టుకున్నాను. పేరు చెప్పి, నమస్తే చెప్పి, స్టెప్ చేసి, థ్యాంక్స్ చెప్పి, పక్కకు. ఇది మీకు చిన్న విషయం అనిపించొచ్చు. నా బీటెక్ క్లాసులో కుడివైపు బెంచీలు మాకు, ఎడమవైపు అమ్మాయిలకు. నాలుగేళ్లలో నేను క్లాసు అమ్మాయిలతో మొత్తం పదకొండు వాక్యాలు మాట్లాడుంటాను, అందులో తొమ్మిది ల్యాబ్ రికార్డు గురించి. మొదటిసారి స్టూడియోలో ఒకమ్మాయి చేయి చాచినప్పుడు నా అరచేయి తడిసి ముద్దయింది. ప్యాంటుకు తుడుచుకుని, మళ్లీ చాచి, మళ్లీ తుడుచుకున్నాను. ఆమె నవ్వలేదు. అందుకే రెండో క్లాసుకు పోయాను.

కానీ క్లాసు వేరు, సోషల్ వేరు. క్లాసులో టీచర్ రొటేట్ అంటాడు. సోషల్‌లో నువ్వే పోయి అడగాలి. ఎట్లా అడగాలి? ఏం లేదు, ఎదురుగా పోయి, కళ్లలోకి చూసి, చేయి చాచి "డ్యాన్స్?" అనాలి. వెనకనుంచి భుజం తట్టొద్దు. చేయి పట్టి లాగొద్దు. శుక్రవారం రాత్రి నేను అడగడానికి గంటా పది నిమిషాలు పట్టింది. గోడకు ఆనుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ. చివరికి ధైర్యం చేసి ఒకమ్మాయిని అడిగాను. ఆమె "ఇప్పుడు కాదు, థ్యాంక్స్" అంది. నవ్వుతూనే.

నేను బాత్‌రూమ్‌కి పోయి అద్దంలో చూసుకున్నాను. చొక్కా బాగలేదా? చెమట వాసనా? మొహంలో ఏమన్నా ఉందా? బయటికొచ్చేసరికి ఆమె ఇంకొకరితో డ్యాన్స్ చేస్తోంది. అప్పుడు వచ్చిన కోపం గురించి నిజం చెప్తా. వచ్చింది. "నాతో ఎందుకు కాదు, వాడితో ఎందుకు" అని. మనం చూస్తూ పెరిగిన సినిమాల్లో హీరోయిన్ వద్దంటే సెకండాఫ్ ఉందని అర్థం. హీరో వెంటపడతాడు, బస్‌స్టాప్‌లో పాట పాడతాడు, చివరికి ఆమె ఒప్పుకుంటుంది. వద్దు అనే మాటకు వద్దు అని అర్థం చెప్పిన సినిమా నాకు కాలేజీలో ఎవరూ చూపించలేదు.

ఆ రాత్రి రెండింటికి ఒక సంగతి జరిగింది. ఒక పెద్దావిడ వచ్చి నన్ను అడిగింది. నా గోరు అప్పటికే వాచింది, బూటు విప్పుకుని కూర్చున్నాను. "సారీ అండీ, ఇప్పుడు కాదు" అన్నాను. ఆమె "పర్లేదు" అని పక్కవాళ్లను అడిగి పోయింది. రెండు పాటలయ్యాక నొప్పి తగ్గి లేచి ఇంకెవరితోనో చేశాను కూడా. మధ్యలో గుర్తొచ్చింది, నేను చెప్పిన మాట కూడా అదే కదా. నాకు ఆ పెద్దావిడ మీద ఏ అభిప్రాయమూ లేదు. నా గోరు నొప్పి, అంతే. మరి ఆ అమ్మాయికి కూడా ఏదో గోరు ఉండి ఉంటుంది. లేకపోయినా, నాకు చెప్పాల్సిన పని లేదు. ఆ ముక్క బుర్రలో దిగాక మిగతా రెండు రాత్రుల్లో తొమ్మిదిసార్లు నో విన్నాను. ఏడోదానికి లెక్కపెడుతున్నందుకు నాకే నవ్వొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వీడియో చేయాలా వద్దా అని రెండు రోజులు ఆగింది దీనివల్లే.

శనివారం మధ్యాహ్నం ఒక కొత్త కాంబినేషన్ నేర్చుకున్నాను. అమ్మాయి రెండుసార్లు వరసగా తిరుగుతుంది, చేయి పైనుంచి పోయి, వీపు వెనక మారి, మళ్లీ ముందుకు వస్తుంది. వర్క్‌షాపులో పదిసార్లలో ఆరుసార్లు వచ్చింది. బీటెక్ లెక్కలో ఫస్ట్ క్లాస్. రాత్రి సోషల్‌లో ఎప్పుడెప్పుడు వేద్దామా అని ఉంది. ఒంటిగంటన్నరకు మంచి ఫాస్ట్ పాట. బెంగళూరు ఆవిడే, కన్నడం మాట్లాడుతుంది, ముప్పై దాటి ఉంటాయి, పదేళ్ల నుంచి చేస్తోందంట. నేను అడిగితే వచ్చింది. మొదటి రెండు నిమిషాలు బేసిక్, రైట్ టర్న్, అన్నీ బాగున్నాయి. ట్రంపెట్లు లేచాయి. ఇదే టైమ్ అనుకున్నాను.

మొదటి టర్న్ అయింది. రెండోదానికి ఆమె ఇంకా సిద్ధంగా లేదు. కాలు ఖాళీలో ఉంది. నేను ఆగలేదు. చేయి పైకెత్తి తిప్పేశాను. ఇంకో తప్పు, ఆమె చేతిని బొటనవేలితో నొక్కి పట్టుకుని ఉన్నాను. సల్సాలో వేళ్లు ఊరికే కొక్కెంలా ఉండాలి, బొటనవేలు వాడకూడదు. ఎదుటి మనిషి ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయి జారిపోవాలి. మొదటి నెలలోనే చెప్తారు ఈ మాట. ఆమె చేయి జారలేదు. భుజం తిరిగింది. "ఆగు" అంది. నాకు పాటలో వినపడలేదు, లేదా వినపడినా సగం సెకను ఆలస్యమైంది. ఆ సగం సెకను గురించే నేను ఆలోచిస్తున్నా ఇప్పటికీ.

ఆమె భుజం పట్టుకుని పక్కకు పోయి కూర్చుంది. నేను సారీ, సారీ అని వెంట పోయాను. కౌంటర్ దగ్గరికి పరిగెత్తి ఐస్ తెచ్చి, టవల్‌లో చుట్టి ఇచ్చాను. ఆరోసారి సారీ చెప్పినప్పుడు ఆమె, "సారీ సరే. నువ్వు నాతో డ్యాన్స్ చేయలేదు, మధ్యాహ్నం నేర్చుకున్న కాంబినేషన్‌తో చేశావు" అంది. తిట్టినట్టు లేదు. డాక్టరు రిపోర్టు చదివినట్టుంది. తర్వాత, "ఇప్పుడు పో. నువ్వు ఇక్కడ నిలబడితే నేను నీకు ధైర్యం చెప్పాల్సి వస్తోంది" అంది. ఆ మాట విన్నాక ఇంక నిలబడలేం కదా. పోయాను.

బయట కారిడార్‌లో కూర్చుంటే నాకు మా ఊరి చెక్కభజన గురువు గుర్తొచ్చాడు. మన వైపు ఊళ్లలో పెరిగినోళ్లకు తెలుస్తుంది. రామాలయం ముందర, చేతుల్లో గలగలలాడే చెక్కలు, కాళ్లకు గజ్జెలు, గుండ్రంగా అడుగులు. వేరే ఊరినుంచి గురువు వచ్చి, రెండు మూడు నెలలు రాత్రిళ్లు నేర్పిస్తాడు. ఏడో తరగతిలో నేను మూడు రోజులు పోయాను, నాలుగో రోజు ట్యూషన్ అని ఇంట్లో మాన్పించారు. ఆ మూడు రోజుల్లో ఒకటే గుర్తుంది. మాలో ఒకడు అందరికన్నా గట్టిగా అడుగు వేసేవాడు, ఊరంతా వాడినే చూడాలని. గురువు ఆపేసి, "నీ గజ్జె ఒక్కటే ఇనపడతాండాదంటే తప్పు నీదేరా" అన్నాడు. అందరం వాడిని చూసి నవ్వాం. శనివారం రాత్రి ఆ గజ్జె నాదే.

ఆదివారం నేను కాంబినేషన్లు ఏమీ వేయలేదు. బేసిక్, ఒక క్రాస్ బాడీ, ఒక టర్న్. మళ్లీ బేసిక్. బొటనవేలు అరచేతికి దూరంగా, ఎత్తి పెట్టుకుని, లైక్ బటన్ లాగ. విచిత్రమేందంటే, ఆ రాత్రే నాకు మొదటిసారి క్లావే దానంతటదే వినపడింది. వెతకలేదు. ఎదుటి మనిషి బరువు ఏ కాలి మీద ఉందో చూస్తుంటే, అది వచ్చి చెవిలో పడింది. నాలుగు మీద ఖాళీ వచ్చినప్పుడు, ఇద్దరమూ ఆగినట్టు తెలిసింది. ఒక పాట చివర్లో ఒకమ్మాయి "ఇంకోటి?" అని అడిగింది. మూడు రాత్రుల్లో నన్ను రెండో పాటకు అడిగింది ఆమె ఒక్కతే.

అంతా బాగైపోయిందని చెప్పి ముగించొచ్చు ఇక్కడ. కానీ ఆ రాత్రి నేను నీళ్లకు పోతుంటే, ఆవిడ గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. భుజానికి టేప్. డ్యాన్స్ బూట్లు కాదు, మామూలు చెప్పులు. పాటకు తగ్గట్టు మడమ కొడుతోంది. ముగ్గురు నలుగురు వచ్చి అడిగారు, తల ఊపి వద్దంది. ఆమె పాస్ కూడా 6,500. ఆ మూడు రోజుల కోసం ఎన్నాళ్ల నుంచి ఎదురుచూసిందో. ఒక బిగినర్ ఉత్సాహం ఖరీదు ఆమె కట్టింది. నేను పోయి పక్కన కూర్చున్నాను. సారీ చెప్పలేదు. "మీరు చెప్పింది ఇవాళ చేస్తున్నా" అన్నాను. "చూస్తున్నా" అంది. తర్వాత కాసేపు ఇద్దరం ఫ్లోర్ వైపు చూస్తూ కూర్చున్నాం. తెలిసినవాళ్లు ఎవరొస్తే వాళ్ల గురించి ఆమె చెప్పింది, వీడు తొందర ఎక్కువ, ఆమె సంగీతం చాలా బాగా వింటుంది, అట్లా. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నది మూడు వర్క్‌షాపుల్లో నేర్చుకోలేదు. నంబర్ అడిగాను, భుజం ఎట్లుందో కనుక్కోవడానికని చెప్పి. ఒక్క క్షణం చూసి, ఇచ్చింది.

మీలో ఎవరన్నా పోవాలనుకుంటే, తొందరగా కొన్ని మాటలు. రాత్రికి మూడు చొక్కాలు తీసుకుపోండి, నిజంగా మూడు. డియోడరెంట్, చిన్న టవల్, నోటికి పుదీనా బిళ్లలు. అడుగున రబ్బరు ఉన్న స్పోర్ట్స్ షూ వేస్తే పాదం తిరగదు, మోకాలు తిరుగుతుంది. బిగినర్స్ క్లాసుకే పోండి, సిగ్గు పడొద్దు. ఒక్కరే పోయినా పర్లేదు, చాలామంది ఒక్కరే వస్తారు. అమ్మాయిలూ, ఎవరన్నా బలవంతంగా తిప్పుతుంటే పాట మధ్యలో వదిలేసి రావొచ్చు, పాట పూర్తి చేయాలనే రూలు లేదు. అబ్బాయిలూ, అట్లా వదిలేసి వస్తే వెంటపడొద్దు. నా కథ విన్నారు కదా.

సోమవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాను. పడుకుని లేచేసరికి సాయంత్రం. నాయన మిద్దె మీద ఎండబెట్టిన శెనక్కాయలు గోనెసంచులకు ఎత్తుతున్నాడు. నేనూ పోయి కూర్చున్నా. "ఎంతైందిరా?" అన్నాడు. పాస్ 6,500, రూమ్ ముగ్గురం పంచుకున్నాం, రైలు, తిండి, అన్నీ చెప్పాను. ఏం మాట్లాడలేదు. సంచి మూతి కడుతూనే ఉన్నాడు. ఆ మౌనం భరించలేక మిగతాదంతా చెప్పేశాను. రొటేషన్, నో చెప్పడం, కాంబినేషన్, భుజం, ఐస్. అవ్వ కూడా మెట్ల మీద కూర్చుని వింటోంది.

అంతా విని నాయన అడిగిన మొదటి మాట, "ఆ పాప చెయ్యి ఇప్పుడెట్లుందంట?"

డబ్బుల సంగతి మళ్లీ ఎత్తలేదు. అప్పుడే కాదు, ఈరోజు దాకా ఎత్తలేదు. ఎత్తుతాడేమో, తెలీదు.

అవ్వ మాత్రం ఫోన్‌లో ఒక వీడియో చూపించమంది. ఆదివారం రాత్రిది చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, స్క్రీన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు చూసింది. "ఏం నాయనా, ఆ పాప నిన్ను తిప్పతాండాదా, నువ్వు ఆ పాపను తిప్పతాండావా?" అంది. వీడియోలో కూడా సరిగ్గా తెలియట్లేదు అవ్వా అన్నాను.

నిన్న ఆవిడకు మెసేజ్ పెట్టాను. ఫిజియో రెండు వారాలు చేయి ఎత్తొద్దన్నారంట. పెద్ద దెబ్బ కాదన్నారంట. ఈ సంగతి వీడియోలో చెప్పొచ్చా అని అడిగితే, "పేరు వద్దు, బొటనవేలి సంగతి మాత్రం తప్పకుండా చెప్పు" అంది. చెప్పాను.

ఇప్పుడు మా ఇంట్లో ఒక కొత్త కార్యక్రమం. సాయంత్రం అమ్మ వంట మొదలుపెట్టేముందు పది నిమిషాలు ఆమె చేయి అరువిస్తుంది. నేను బొటనవేలు ఎత్తి పట్టుకుని మెల్లగా తిప్పుతాను. గట్టిగా పట్టుకుంటే అరవమని చెప్పాను. మొదటిరోజు నాలుగుసార్లు అరిచింది, నిన్న ఒకసారి. ఎదురింటి అత్తకు ఇప్పుడు ఇద్దరి మీదా అనుమానం.

నాయన కింద నుంచి పిలుస్తున్నాడు. మిద్దె మీద సంచులు దించాలంట, అవి దించితే గానీ నాకు ఫ్లోర్ ఖాళీ కాదు. ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.